పూచీకత్తు వెనుక మనిషి

నక్కపల్లి 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాలో చేరింది. అంతకుముందు విశాఖ జిల్లాలోది. ఇంకా వెనక్కి వెళ్తే మద్రాసు ప్రెసిడెన్సీలోది. ఆ పాత పాలన ఈ ప్రాంతానికి మిగిల్చిన వాటిలో పెద్దగా ఎవరూ తలచుకోనిది ఒకటుంది: 1936 నాటి మద్రాసు ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం. కేంద్ర చట్టం 1958లో గానీ రాలేదు. మనకు అంతకు రెండు దశాబ్దాల ముందే ఆ ఏర్పాటు ఉంది. తొలిసారి తప్పు చేసినవాణ్ని సత్ప్రవర్తన పూచీకత్తు మీద విడిచిపెట్టే అధికారం కోర్టులకు 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 562వ సెక్షనులోనే ఉంది. అయితే అలా ఇంటికి వెళ్లినవాడు ఏమయ్యాడో చూసే నాథుడు లేడు. కాగితం ఉంది, దాని వెనుక మనిషి లేడు. మద్రాసు చట్టం ఆ మనిషికి ప్రొబేషన్ అధికారి అనే హోదా ఇచ్చింది. నిందితుణ్ని అతని కులం నుంచీ, ఊరికున్న పేరు నుంచీ విడదీసి ఒక్క మనిషిగా తెలుసుకోవడమే ఈ ఉద్యోగానికి ప్రాణం. మంచి మనసు ఒక్కటే ఉంటే ఆ పని జరగదు, నేరశాస్త్రం చదువు కావాలి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. అదే ప్రెసిడెన్సీలో, అదే కాలంలో, దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి ఒకటి నడిచింది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మద్రాసుకు విస్తరించారు. ఎరుకల వంటి కులాలవారిని పుట్టుకతోనే నేరస్తులుగా రిజిస్టరులోకి ఎక్కించారు. వేలిముద్రలు తీసుకున్నారు, పోలీసుల ముందు హాజరు వేయించారు, ఊరు దాటాలంటే అనుమతి అడగమన్నారు. పశువుల మీద ఉప్పు, ధాన్యం మోసుకెళ్లి అమ్ముకున్న ఈ కుటుంబాల వ్యాపారం రైళ్లు వచ్చాక, ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం బిగిశాక కుదేలైందన్న సంగతి ఆ రిజిస్టరులో ఏ గడిలోనూ పట్టదు. గవర్నరు కౌన్సిలు సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరున వెలిసిన స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ వీళ్లను ‘సంస్కరించింది’. అక్కడివారు చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలయ్యారు. ఆ చట్టం 1947లో మద్రాసులో, 1952లో దేశమంతటా రద్దయినా, ఊరి పేరు మీద పడ్డ మచ్చ ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

నేరశాస్త్రం చదవమంటున్నారు, పుట్టు నేరస్తుడనే మాట చెప్పింది ఆ శాస్త్రమే కదా అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆ మాటను శాస్త్రంగా నిలబెట్టిన లొంబ్రోసో పుస్తకం ఇటలీలో 1876లో వచ్చింది. మన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం అంతకు అయిదేళ్లు పెద్దది. అధికారులు ముందే నమ్మినదానికి శాస్త్రం తర్వాత వచ్చి వత్తాసు పలికింది. కాబట్టి పుస్తకాలు మూసేస్తే ఆ నమ్మకం పోదు. అది ఎలా పుట్టిందో, ఎందుకు తప్పో విప్పి చూపగలిగేది మళ్లీ ఆ చదువే. ప్రొబేషన్‌లోకి వెళ్లాలనుకునే విద్యార్థి మొదటి పాఠంగా స్టూవర్టుపురం చరిత్ర చదవాలని నా అభిప్రాయం.

ఈ చదువు పరీక్షకు నిలిచే చోటు విచారణ నివేదిక. 1958 చట్టం 6వ సెక్షను ప్రకారం ఇరవై ఒక్కేళ్లు నిండని నేరస్తుణ్ని, యావజ్జీవ శిక్షకు తగిన నేరమైతే తప్ప, జైలుకు పంపాలంటే కోర్టు ముందుగా ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకోవాలి. ఆ నివేదిక గోప్యం. నక్కపల్లి మండలంలో రాజయ్యపేట లాంటి మత్స్యకార గ్రామం కుర్రవాడి గురించి అధికారి మే నెలలో విచారణకు వెళ్లాడనుకుందాం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేటకు నిషేధం. కుర్రవాడు ఒడ్డునే కనిపిస్తాడు. తెలియని అధికారి ‘పనీపాటా లేదు, తిరుగుబోతు’ అని రాస్తాడు. తెలిసినవాడు వేట ఉన్న నెలల్లో ఎవరి పడవ మీద వెళ్తాడు, వాటా ఎంత, వేట లేని రోజుల్లో ఇల్లు ఎవరి అప్పు మీద నడుస్తోంది, ఫిర్యాదు చేసిన కుటుంబం ఇల్లు ఎంత దూరం అని అడుగుతాడు. మనిషి ఒకడే అయినా నివేదికలు రెండు, తీర్పులూ రెండు కావచ్చు.

ఊళ్లో పెద్దమనుషులు తగవులు తీరుస్తున్నారు, కుర్రవాళ్లను దారిలో పెడుతున్నారు, మళ్లీ అధికారి ఎందుకంటారు కొందరు. పెద్దల మాటకు బలం ఉన్నమాట నిజం. కాకపోతే ఆ బలం కులాన్ని బట్టీ, పలుకుబడిని బట్టీ మారుతుంది. ఎవరూ లేని ఇంటి పిల్లవాడికి అది అందదు. ఇంతకన్నా బరువైన అభ్యంతరం బాధితుల వైపు నుంచి వచ్చేది. రాజమండ్రి బిడ్డ, తర్వాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు 1964లో మెజారిటీ తీర్పు రాసిన పంజాబ్ కేసులో నేరస్తుడికి పదహారేళ్లు, ఇంట్లో చొరబడి అతను అవమానించబోయిన పిల్లకు ఏడేళ్లు. కింది కోర్టు శిక్ష వేశాకే 1958 చట్టం అక్కడ అమల్లోకి వచ్చినా, దాని మేలు అతనికి అందాలన్నారు సుబ్బారావు. ధర్మాసనంలో మరో న్యాయమూర్తి ఒప్పుకోలేదు. ఆ పిల్ల తల్లిదండ్రులకు ఈ తీర్పు మింగుడు పడుతుందని నేను చెప్పలేను. చెప్పగలిగిందల్లా చట్టం వాళ్లను పూర్తిగా వదిలేయలేదనే. 5వ సెక్షను కింద పరిహారం ఇప్పించవచ్చు, షరతు తప్పినవాణ్ని 9వ సెక్షను కింద మళ్లీ పిలిచి అసలు నేరానికే శిక్ష వేయవచ్చు. ఈ రెండూ మాటలకే పరిమితం కాకుండా ఉండాలంటే అధికారి వారం వారం ఆ నేరస్తుడి గడపకు వెళ్లాలి.

అలా వెళ్లేవాణ్ని తయారుచేయడంలోనే మనం వెనకబడ్డాం. సాగర్ విశ్వవిద్యాలయం 1959లోనే నేరశాస్త్ర విభాగం తెరిచింది. దక్షిణాది రాష్ట్రాలు కలిసి 1979లో వేలూరులో దిద్దుబాటు పాలన శిక్షణ సంస్థ పెట్టుకున్నాయి, అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అది ఉద్యోగంలో చేరినవారికి శిక్షణ. చేరకముందు, డిగ్రీలోనే, నేరశాస్త్రమూ సాంఘిక సేవా కలిపి నేర్పే దారి మన కాలేజీల్లో విశాలం కావాలి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఈ అవసరాన్ని ఇంకా ముందుకు తెచ్చింది. అయిదు వేల రూపాయలకు లోపు దొంగతనం తొలిసారి చేసి, సొమ్ము తిరిగిచ్చినవాడికి ఇక సమాజ సేవే శిక్ష. జీతం లేకుండా సమాజానికి మేలు చేసే పని అని దాన్ని నిర్వచించారు. ఆ పని ఏ బడిలో, ఏ ఆసుపత్రిలో, ఎన్ని గంటలు, దాన్ని దగ్గరుండి చూసి కోర్టుకు చెప్పేదెవరు అన్నది ఆ నిర్వచనంలో లేదు. అనకాపల్లి జిల్లా కోర్టుల్లో ఇలాంటి శిక్షలు పడే రోజుకు ఆ జవాబు చెప్పగల చదువున్న అధికారులు ఉద్యోగాల్లో ఉండాలి.