నిప్పులమీఁది పచ్చిమిరపకాయ



పల్నాటివారి నెవరినైనను మీ సీమలో మిక్కిలి ప్రాచీనమైన రుచి యేదియని యడిగినచో, కుంపటి నిప్పులపై గాల్చి రోట నూఱిన పచ్చిమిరపకాయల పచ్చడియని తడుముకొనక చెప్పుదురు. బ్రహ్మనాయఁడు చాపకూటిలో వడ్డించినదియు నదియే యనువారిని గారెంపూడి తిరునాళ్లలో నేను వినియున్నాను. పౌరుషమునకును గారమునకును జుట్టఱికము గలిపి సంతోషించుట మనుష్యస్వభావము. కాని పల్నాటివీరులలో నొక్కఁడును మిరపకాయను గంట జూచి యెఱుఁగఁడు.

పల్నాటి యుద్ధము 12వ శతాబ్దమున నాగులేటి యొడ్డున జరిగినది. మిరపకు బుట్టినిల్లు అమెరికా ఖండము. కొలంబసు ఆ దిక్కునకు జేరినది 1492లో. వాస్కో డ గామా కోళిక్కోడు తీరమున దిగినది 1498లో. పోర్చుగీసువారు గోవను బట్టుకొన్నది 1510లో. వారి యోడలవెంటనే మిరపవిత్తు మన దేశమునకు వచ్చినది. కావున నడుమ మున్నూఱేండ్లకు మించిన యెడము గలదు. వీరచరిత్రమును ద్విపదగా రచించిన శ్రీనాథుఁడును దీనిని రుచిచూచినవాఁడు కాఁడు. పల్నాటి జొన్నకూటిని వెక్కిరించు చాటువు లాయన పేర జెప్పుకొనుచున్నారు గదా. ఈ పచ్చడి యొక్కసారి తగిలియున్నచో నా నాలుక దానినిగూర్చి యొక పద్యమైన జెప్పక యూరకుండెడిదా?

మఱి యప్పటి కారమేది? మిరియము, పిప్పలి, అల్లము, ఆవాలు. వీనిలో మిరియము మన నేల పంట కాదు. పడమటి తీరపు వానలలో చెట్లకు బ్రాఁకు తీఁగ యది. కాకతీయ గణపతిదేవుఁడు 1244-45లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమున సుంకము గట్టవలసిన సరకులలో గంధము, కర్పూరము, ముత్యములతోబాటు మిరియములును గలవు. ముత్యముల సరసన గూర్చున్న వస్తువు కూలివాని మూకుటిలో నెంత పడియుండునో మీరే యూహింపుఁడు.

ఈ మాటకు భాషయే సాక్షి. తమిళులు మిరియమును మిళగు అందురు, మిరపకాయను మిళగాయ్ అందురు. కన్నడులకు మెణసు, మెణసినకాయి. హిందీవారు రెంటిని మిర్చి యనియే పిలుతురు. మన మిరపయు మిరియపు జుట్టమే. క్రొత్తగా వచ్చిన కాయకు బాత గింజ పేరే తగిలించిరి. ఇంకొక సాక్షి మా యిండ్లలోనే యున్నది. తద్దినపు వంటలో మిరపకాయకు బ్రవేశము లేదు, మిరియముల పొడియే వేయుదురు. పితృదేవత లెఱుఁగని వస్తువును వారికెట్లు వడ్డింతుము? ఆచారము పేర వంటయింట నిలిచిపోయిన యీ చిన్న నియమము నాకు రాతిశాసనమువలెనే కనఁబడును.

మిరప యింత వేగముగా వ్యాపించుటకు గారణము రాజాజ్ఞ గాదు. ఒక్క పండులోని గింజలు పెరటికంతకును జాలును. ఎండినకాయ యేఁడాది పొడవున నిలువయుండును. తూకము వేసి కొనవలసిన కారము ప్రతి గుడిసె వెనుకను బూచి కాఁచినది. బ్రహ్మనాయఁడు కులభేదము లేక యందఱిని నొక చాపపై గూర్చుండఁబెట్టెను. రుచిలోని ధనిక దరిద్ర భేదమును మాత్రము నాలుగు శతాబ్దుల పిమ్మట వచ్చిన యీ కాయ తీసివేసినది. ఇట్లు చెప్పుటవలన పల్నాటికి గాని, చాపకూటికి గాని గౌరవము తగ్గునని నేను దలంపను. తిరునాళ్లలో బిల్లలకు గథ చెప్పువారు మాత్ర మీ సంగతి గమనింపవలెను.

ఇఁక కాల్చుట. తుమ్మబొగ్గులు కణకణలాడి పైన దెల్లని బూడిద కమ్మువఱకు దాళవలెను. మంటమీఁద బెట్టినచో దోలు మాడును, లోపల పచ్చిగా నుండును. కాయకు జిన్న గాటు పెట్టవలెను, లేనిచో లోని యావిరి యెగదన్ని కాయ ప్రేలి కన్నులలో బడును. నిప్పుల వేఁడికి దోలు నల్లగా బొక్కులెత్తును, లోని నీరే యావిరియై కండను మగ్గించును, పచ్చివాసన పోవును. కారము మాత్రము పోదు. ఆ ఘాటునకు వాకిటివారు సైతము దగ్గుదురు. పిదప దొడిమలు దీసి, ఉప్పు, చింతపండు, వెల్లుల్లి చేర్చి రోట నూఱుటయే. కారము గింజలో నున్నదని మనవారందురు. నిజముగా నది గింజ లంటియుండు నడిమి తెల్లని యీనెలో బుట్టును. దాని సారమునకు 1876లో థ్రెష్ అను నాంగ్ల శాస్త్రజ్ఞుఁడు క్యాప్సైసిన్ అని పేరు పెట్టెను. అది నీట గరఁగదు, కొవ్వులో గరఁగును. నోరు మండినప్పుడు చెంబెఁడు నీళ్లు త్రాగుటకంటె నేతిముద్దయో, గడ్డపెరుగో మేలగుట కిదియే హేతువు. మన యవ్వలు థ్రెష్‌ను జదువకయే యీ సంగతి నెఱిఁగియుండిరి.

మెక్సికోవారు నేఁటికిని మిరపకాయలను బెనముమీఁద మాడఁగాల్చి రాతిరోట నూఱుకొందురు. పుట్టినింటి పద్ధతియు, మెట్టినింటి పద్ధతియు నింత దగ్గఱగా నుండుట నా కబ్బురము.

పెరటి కాయ పొలమునకు బాఁకుట వేఱొక కథ. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది, 1967లో గాలువలకు నీరు వదలిరి. కుడికాలువ క్రింద మిరప విస్తారమై గుంటూరు యార్డునకు బండ్లు సాగినవి. లాభమెంతయో దిగులు నంతయే. 2021-22లో నల్లతామర పురుగు పూతనెల్ల దినివేయఁగా మా చుట్టుప్రక్కల రైతులు పైరును దున్నివేసిరి. ఆ యేఁటనే, 2022 ఏప్రిలు 4న, నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా యేర్పడినది.

ఇప్పుడు గ్యాసుపొయ్యి మంటపైననే కాయను ద్రిప్పుచున్నారు. పని త్వరగా నగును గాని నేను జెప్పిన మగ్గుదల రాదు. మా యింట నిప్పటికిని గుంపటి యున్నది. వానకాలమున మంచి బొగ్గులు దొరకుటయే కష్టముగా నున్నది.