రస్కోల్నికోవుని దోషఖ్యాపనము

రష్యాదేశపు నవలాకారులలో నగ్రగణ్యుఁడగు ఫ్యొదొర్ దొస్తొయెవ్‌స్కీ (1821–1881) రచించిన ‘నేరము–శిక్ష’ 1866వ సంవత్సరమున ‘రూస్కీ వేస్త్నిక్’ అను పత్రికలో భాగభాగములుగాఁ బ్రకటింపఁబడి, 1867లో గ్రంథరూపము దాల్చెను. హత్య చేసిన విద్యార్థి యొకఁడు పశ్చాత్తాపముచే దహింపఁబడి తుదకు నేరము నొప్పుకొనెనని యిందలి కథను సామాన్యముగాఁ జెప్పుదురు. గ్రంథమును సావధానముగాఁ బరిశీలించినచో నీ మాట నిలువదు. ఒప్పుకొన్ననాఁటికి నాయకునకుఁ బశ్చాత్తాపము కలుగనే లేదు. ఈ రెంటి నడుమ నున్న యెడమునందే గ్రంథకర్తయొక్క మనశ్శాస్త్రజ్ఞానమును ధర్మదృష్టియుఁ గానవచ్చుచున్నవి.

గ్రంథనామమునే మొదట విచారింపవలసియున్నది. నేరమునకు రష్యను భాషలోని పదము ‘ప్రెస్తుప్లేనియె’. అడుగు వేసి హద్దును దాఁటుట యని దాని యవయవార్థము. సంస్కృతమున ‘అతిక్రమము’ ఎట్టిదో యిదియు నట్టిదే. నాయకుఁడైన రస్కోల్నికోవుని పేరును సాభిప్రాయమే. ‘రస్కోల్’ అనఁగాఁ జీలిక. 17వ శతాబ్దమున పూజావిధానముల సంస్కరణమునుగూర్చి రష్యా క్రైస్తవసంఘమునఁ బుట్టిన భేదమునకు నిదియే పేరు. హద్దు దాఁటినవాఁడు జనమునుండి చీలిపోవుననుట యీ రెండు పదములలోను ముందే సూచింపఁబడినది.

గ్రంథకర్తకు శిక్ష పుస్తకములవలనఁ దెలిసినది కాదు. పెత్రషేవ్‌స్కీ గోష్ఠితోడి సంబంధముచే నతఁడు 1849 ఏప్రిలులో నిర్బంధింపఁబడెను. నాఁటి రష్యా పంచాంగము ననుసరించి యా యేఁటి డిసెంబరు 22వ తేదిని సెమ్యోనోవ్‌స్కీ మైదానమున మరణశిక్ష చదివి వినిపించి, మొదటి మువ్వురను గంబములకుఁ గట్టి తుపాకులు గుఱిపెట్టిన పిమ్మట, చక్రవర్తి శిక్షను దగ్గించెనని ప్రకటించిరి. తరువాత నాలుగేండ్లు, 1850 మొదలు 1854 వఱకు, అతఁడు సైబీరియాలోని ఓమ్స్కు కారాగారమున సంకెలలతోఁ గఠినశ్రమ చేసెను. ఆ యనుభవములను దెలుపు ‘మృతగృహస్మృతులు’ అను గ్రంథమున, తోడి ఖైదీలలోఁ బశ్చాత్తాపచిహ్నము దనకుఁ గానరాలేదని వ్రాసినాఁడు. శిక్ష శరీరమును బంధించును గాని మనస్సును మార్పఁజాలదని యతఁ డక్కడనే గ్రహించెను.

1865 సెప్టెంబరులో జర్మనీయందలి వీస్బాడెను నగరమున ఋణగ్రస్తుఁడై యుండి, పత్రికాధిపతియగు కత్కోవునకు వ్రాసిన లేఖలో నతఁ డీ నవలాకల్పనమును వివరించెను. నేరము చేసినవాఁడు మానవులనుండి తాను వేఱుపడితినను భావమును భరింపలేక తనంతఁ దానే శిక్షను గోరుననుట యా లేఖలోని ముఖ్యాంశము. ఇందుఁ బీడించునది వేర్పాటు. ‘తప్పు చేసితిని’ అను జ్ఞానము కాదు.

కాలపరిస్థితియు నిచ్చట స్మరణీయము. పూర్వపు రష్యాధర్మాసనములలో నిందితుని యొప్పుకోలు సాక్ష్యములలో మిక్కిలి ప్రబలమైనదిగా నెంచఁబడుచుండెను. 1864 నవంబరు 20వ తేది న్యాయశాసనములు బహిరంగవిచారణమును, జ్యూరీపద్ధతిని నెలకొల్పెను. ఆ కొత్త న్యాయస్థానములు రాజధానిలో 1866లోఁ బని కారంభించెను. నవల వెలువడుచుండిన యేఁడే యది. ఒప్పుకోలునకు విలువ యేమి యను ప్రశ్న నాఁడు న్యాయవేత్తలకే గాక చదువరులకును సజీవమైన ప్రశ్న.

కథలో విచారణాధికారి పొర్ఫీరి యొద్ద దృఢమైన సాక్ష్యము లేదు. పైఁగా మికోల్కా యను రంగులుపూయు పనివాఁడు, నిరపరాధియయ్యు, తానే హంతకుఁడనని చెప్పుకొనును. వాఁడు కష్టము ననుభవించి తరింపఁగోరువాఁడని పొర్ఫీరి కనిపెట్టును. నేరము లేని యొప్పుకోలు ఒకవైపు, పశ్చాత్తాపము లేని యొప్పుకోలు వేఱొకవైపు: గ్రంథకర్త వీనిని బ్రక్కప్రక్కనే నిలిపినాఁడు.

గ్రంథమునందలి యాఱు భాగములలో మొదటిదానితోనే హత్య ముగియును. అసాధారణపురుషులకు నీతి నతిక్రమించు నధికారము కలదని వాదించిన రస్కోల్నికోవుఁడు, తాకట్టులపై నప్పులిచ్చు వృద్ధను, అనుకొనకుండ వచ్చిన యామె చెల్లెలిని గూడఁ జంపును. దోఁచిన సొమ్మును లెక్కయైనఁ జూడక ఱాతి క్రిందఁ బాతిపెట్టును. వంతెనపై నొక స్త్రీ ధర్మముగా నిచ్చిన నాణెమును నీటఁ బాఱవైచునపుడు, సమస్తజనులనుండియుఁ దన్నుఁ దానే కోసివేసికొన్నట్లు తోఁచును. తల్లియుఁ జెల్లెలును వచ్చి కౌఁగిలించుకొన్నపుడు, తిరిగి కౌఁగిలింపఁ జేతులెత్తలేక మూర్ఛిల్లును. శిక్ష యప్పుడే యారంభమైనది.

నాలుగుదారులు కలియుచోట నేలను ముద్దిడి, హంతకుఁడనని లోకమునకుఁ జెప్పుమని సోన్యా వానికి నుపదేశించును. సంతబయల మోఁకరిల్లి నేలను ముద్దిడఁగా జనులు త్రాగుఁబోతని నవ్వుదురు. మాట నోట రాదు. తుదకు ఠాణాలో నొప్పుకొనును. కాని దానికిఁ గొంచెము ముందు చెల్లెలితో మాటలాడినపుడు, తన చేఁత నేరమే కాదని వాదించియే యుండెను. సైబీరియాకుఁ బోయిన పిదపఁ గూడఁ దన యశక్తిని నిందించుకొనెనే కాని చేఁతను నిందింపలేదు. వ్యాధియు, లోకమెల్ల నున్మాదముచే నశించినట్లు కన్న స్వప్నమును గడచిన తరువాత, ఎనిమిదేండ్ల శిక్షలో నేడేండ్లు మిగిలియుండఁగా, నదీతీరమున సోన్యా పాదములపైఁ బడినపుడే వాని హృదయము మాఱినది.

మనుస్మృతి పదునొకండవ యధ్యాయమునఁ బాపవిమోచనోపాయములను జెప్పుచోట ఖ్యాపనమును, అనుతాపమును వేఱువేఱుగాఁ బేర్కొనఁబడినవి. పాపమును వెల్లడించుట యొకటి, మనస్సు తపించుట మఱియొకటి. రష్యను రచయిత కీ గ్రంథముతో సంబంధము కల్పింపవలసిన పని లేదు. అతనికి మూలము సోన్యా చదివి వినిపించిన క్రైస్తవసువార్తయే. మఱియు రాజదండనము పొందినవాఁడు నిర్మలుఁడగునని స్మృతి యెనిమిదవ యధ్యాయమునఁ జెప్పఁగా, దండన మొక్కటియే శుద్ధి నీయదని నవల చూపుచున్నది. అయినను ఖ్యాపనానుతాపముల భేదమును గుర్తించుటలో రెండును నేకీభవించుచున్నవి.

ఈ భేదమును మఱచినవారికే యుపసంహారము తగిలించినట్లు తోఁచును. ఒప్పుకోలుతోఁ గథ ముగిసినచో న్యాయస్థానమునకుఁ దృప్తి కలుగును. మనుష్యుఁడు మాత్రము చీలికయందే మిగులును. ఖ్యాపనము వానిని జనమధ్యమునకుఁ దిరిగి తెచ్చు ద్వారము మాత్రమే. అనుతాప మా ద్వారమునుండి యెంత యాలస్యముగా వచ్చినదో చూపుటకే గ్రంథకర్త సైబీరియా వఱకు నడచెను.