ఆసు కూలి ఎవరి లెక్కలో? పోచంపల్లి చేనేతలో గుర్తింపు, వేతనం

చేనేత కూలిపై జరిగే చర్చలు దాదాపు అన్నీ "చీరకు ఎంత గిట్టుతుంది" అన్న ప్రశ్నతోనే మొదలవుతాయి. యాదాద్రి భువనగిరి జిల్లాలోని పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వంటి ఇక్కత్ ఊళ్లలో చీర ఒక్కరి చేతి పని కాదు. నూలు కండెలకు చుట్టాలి, ఆసు పోయాలి, డిజైన్ ప్రకారం రబ్బరు ముక్కలతో చిటికి కట్టాలి, రంగులో ముంచి ఆరబెట్టాలి, కట్లు విప్పి మరో రంగుకు మళ్లీ కట్టాలి, పడుగు సరిచేసి అచ్చు అతకాలి. ఆ తర్వాతే నేత. కూలి మాత్రం నేసిన సరుకు అప్పగించాక, మగ్గం మీద కూర్చున్న మనిషి పేరిట, ఒకే మొత్తంగా వస్తుంది. చీరను కొలమానంగా తీసుకున్నంత కాలం ఈ పనుల్లో సగానికి పైగా వేతనం లెక్కకు రావని ఈ వ్యాసం వాదన.

ఆసునే తీసుకుందాం. అర్ధచంద్రాకారంగా బిగించిన మేకుల చుట్టూ పేక నూలును ఒక్కో పోగుగా తిప్పడం ఈ పని. ఒక చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి. నాలుగైదు గంటలు పడుతుంది. చేసేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లు. భుజం పట్టేసి ఇక చెయ్యలేనని తల్లి లక్ష్మి అంటుంటే చూసిన చింతకింది మల్లేశం, ఆలేరు దగ్గరి శారాజీపేటలో ఏళ్ల తరబడి ప్రయత్నించి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తి చేశారు. దానికి ఆ తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ గౌరవానికి ఆయన అన్ని విధాలా అర్హులు. యంత్రం గురించి ఇంకో సంగతి కూడా గమనించాలి. యంత్రం ఉన్న ఇల్లు పక్కింటి నూలుకు ఆసు పోసిపెడితే చీరకింత అని రేటు పలుకుతుంది. అదే పనిని తరాలుగా సొంత ఇంట్లో చేసిన భుజానికి ఆ రేటు ఎన్నడూ లేదు. పనికి విలువ కట్టడం అసాధ్యమన్న మాట ఇక్కడ నిలవదు.

భౌగోళిక గుర్తింపు ఈ లోటు తీర్చిందా? 1999 నాటి చట్టం 2003 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. పోచంపల్లి ఇక్కత్ 2004-05లోనే, దేశంలో తొలి నమోదుల్లో ఒకటిగా చోటు సంపాదించింది. పేరుకు రక్షణ దొరికింది, అది చిన్న విజయం కాదు. అయితే హస్తకళా వస్తువుల విషయంలో "ఉత్పత్తిదారు" అన్న నిర్వచనంలో తయారుచేసేవారితో పాటు ఆ సరుకుతో వ్యాపారం చేసేవారినీ చట్టం చేర్చింది. కూలి ఎంత ఉండాలో చట్టం ఎక్కడా చెప్పదు. అమ్మే షావుకారుకు ఇందులో స్పష్టంగా చోటుంది. చిటికి కట్టే, ఆసు పోసే మనిషి తానూ తయారీదారునేనని నిరూపించుకోవాలి. ఆమె చేతిలో చీటీ గానీ, కూలి పుస్తకం గానీ ఉండదు.

ప్రభుత్వ పథకాల్లోనూ ఇదే చిక్కు కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన నేతన్న నేస్తం కింద సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చారు. డబ్బు నేరుగా ఖాతాలో పడటం మంచిదే. కానీ అర్హతకు గీటురాయి మగ్గం. తెలంగాణ పొదుపు పథకంలో నేతన్న తన కూలిలో 8 శాతం జమచేస్తే ప్రభుత్వం 16 శాతం కలుపుతుంది. కూలే రాయని చేతికి ఆ 8 శాతం దేనిలోంచి తీయాలి? 2019-20 నాటి నాలుగో చేనేత గణన దేశంలో 35 లక్షలకు పైగా చేనేత కార్మికులను లెక్కించింది. నేత పనివారిలో సుమారు 72 శాతం స్త్రీలని తేల్చింది. మూడింట రెండు వంతుల నేత కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయల లోపే. ఈ అంకె కుటుంబానిది. అందులో ఎన్ని చేతులు పనిచేశాయో విడదీస్తే ఒక్కో మనిషికి దక్కేది ఇంకా తక్కువ.

ఎవరి చేతికి వచ్చినా ఇంటికి వచ్చే డబ్బే కదా అనేవారున్నారు. భర్త పోయిన స్త్రీ విషయంలో ఈ మాట వెంటనే తేలిపోతుంది. మగ్గం ఆగిన రోజు నుంచీ ఆమె ముప్పై ఏళ్ల నైపుణ్యానికి రుజువు ఉండదు, కొత్తచోట రేటు అడగడానికి ఆధారమూ ఉండదు.

చేయదగిన పని సహకార సంఘాల దగ్గరే ఉంది. రకాన్ని బట్టి కూలి రేట్లు నిర్ణయించే అలవాటు సంఘాలకు ఎప్పటినుంచో ఉంది. ఆ రేటును ఆసు, చిటికి, అద్దకం, అతకడం, నేత అని విడగొట్టి, ఎవరి భాగం వారి పేరున రాయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. పోచంపల్లిలో గుర్తింపు కోసం దరఖాస్తు చేసినవారిలో నేత సహకార సంఘమూ ఉంది గనుక, ఆ పేరు వాడుకునే హక్కున్న అధీకృత వినియోగదారుల జాబితాలోకి ఈ పనివారిని తీసుకురావడానికి చొరవ కూడా అదే చూపాలి. అసలు అడ్డంకి ధర. అన్ని పనులకూ న్యాయమైన రేటు కడితే చీర ఖరీదు పెరుగుతుంది, పక్క దుకాణంలో ఇక్కత్ డిజైన్ అచ్చేసిన మిల్లు బట్ట అందులో చిన్న వంతుకే దొరుకుతుంది. చేనేతకు కొన్ని రకాలను ప్రత్యేకించిన 1985 నాటి చట్టం మొదట 22 రకాలకు వర్తించేది, తర్వాత 11కు కుదించారు. మిగిలిన ఆ 11 రకాలకైనా తనిఖీ గట్టిగా జరగకపోతే, విడగొట్టి రాసిన కూలి రేట్లను ఏ సంఘమూ ఎక్కువ కాలం నిలబెట్టుకోలేదు.