చైనా యువతులు - విదేశాల్లో ఓపేర్ ఉపాధి

ఓపేర్ అంటే పరాయి దేశంలో ఒక కుటుంబంతో కలిసి ఉంటూ, ఆ ఇంటి పిల్లలను చూసుకుంటూ, అందుకు బదులుగా గది, భోజనం, కొంత చేతిఖర్చు డబ్బు పొందే యువతి లేదా యువకుడు. ఆ దేశపు భాష నేర్చుకోవడం, అక్కడి జీవితాన్ని దగ్గరి నుంచి చూడడం ఈ ఏర్పాటు ఉద్దేశం. వెళ్లేవారిలో అత్యధికులు యువతులే. చైనాలో వీరిని హుహుయ్‌షెంగ్ అంటారు. మాండరిన్‌తో పాటు ఇంగ్లిషు కూడా వచ్చిన చైనా యువతులకు 2000ల మధ్యకాలం నుంచి అమెరికా కుటుంబాల్లో గిరాకీ ఏర్పడింది. ఓపేర్ అతిథా, విద్యార్థా, కార్మికురాలా అన్న ప్రశ్నకు ఒక్కో దేశం ఒక్కో జవాబు చెబుతుంది. వెళ్లే అమ్మాయి జీతం, పనిగంటలు, రక్షణ అన్నీ ఆ జవాబును బట్టే ఉంటాయి.

చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పశ్చిమ యూరప్‌లో ఈ పద్ధతి బాగా వ్యాపించింది. పొరుగుదేశపు భాష నేర్చుకోవాలనుకున్న మధ్యతరగతి అమ్మాయిలు అక్కడి ఇళ్లలో చేరి పిల్లలను చూసుకునేవారు. వారి రక్షణ కోసం కౌన్సిల్ ఆఫ్ యూరప్ 1969 నవంబరు 24న స్ట్రాస్‌బర్గ్‌లో ఒక ఒప్పందాన్ని సంతకాలకు ఉంచింది. అది 1971 మేలో అమల్లోకి వచ్చింది. ఓపేర్ విద్యార్థీ కాదు, కార్మికురాలూ కాదు, రెండు లక్షణాలూ ఉన్న ప్రత్యేక వర్గమని ఆ ఒప్పందం చెప్పింది. వయసు 17 నుంచి 30 ఏళ్లు, పని రోజుకు 5 గంటలకు మించకూడదు, వారానికి కనీసం ఒక పూర్తి రోజు సెలవు, షరతులన్నీ రాతపూర్వకంగా ఉండాలి. దీన్ని ఆమోదించిన దేశాలు మాత్రం కొన్నే.

అమెరికా 1986లో ఈ పథకాన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. అక్కడ ఇది ఉద్యోగ వీసా కాదు, సాంస్కృతిక వినిమయానికి ఇచ్చే జె-1 వీసా కిందికి వస్తుంది. విదేశాంగ శాఖ గుర్తించిన ఏజెన్సీల ద్వారా తప్ప కుటుంబాలు ఓపేర్‌ను నేరుగా రప్పించుకోవడానికి వీల్లేదు.

చైనా యువతులకు గిరాకీ

ఈ గిరాకీకి ప్రధానంగా రెండు కారణాలున్నాయి. మొదటిది దత్తత. చైనా దత్తత చట్టం 1992 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చాక, ఆ దేశం నుంచి 80 వేలకు పైగా పిల్లలు అమెరికా కుటుంబాలకు చేరారు. వారిలో ఎక్కువమంది ఆడపిల్లలు. పుట్టిన గడ్డ భాష బిడ్డకు దూరం కాకూడదని కోరుకున్న తల్లిదండ్రులు మాండరిన్ మాట్లాడే ఓపేర్ల కోసం వెతికారు. 2024 సెప్టెంబరులో చైనా విదేశీ దత్తతలను దాదాపు పూర్తిగా ఆపేసింది.

రెండోది చైనా ఆర్థిక ఎదుగుదల. పిల్లలకు చిన్నప్పుడే మాండరిన్ వస్తే రేపు పనికొస్తుందన్న నమ్మకం అమెరికా పైతరగతిలో బలపడింది. మదుపరి జిమ్ రోజర్స్ తన కూతుళ్లు మాండరిన్ వాతావరణంలో పెరగాలని 2007లో కుటుంబంతో సహా సింగపూర్‌కు మకాం మార్చాడు. యూటా రాష్ట్రం 2009లో ప్రభుత్వ పాఠశాలల్లో రెండు భాషల్లో బోధన ప్రారంభించినప్పుడు ఎంచుకున్న భాషల్లో మాండరిన్ ఒకటి. బడిలో నేర్చిన నాలుగు ముక్కలు ఇంట్లోనూ వినిపించాలంటే మాండరిన్ మాట్లాడే మనిషి ఇంట్లో ఉండాలి. ఆ అవసరం ఓపేర్‌తో తీరేది.

చైనా వైపు నుంచి చూస్తే, డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయికి విదేశీ పీజీ ఖర్చు లేకుండా ఏడాది పాటు ఇంగ్లిషు మాట్లాడే దేశంలో ఉండే మార్గం ఇది. ఇంగ్లిషు ప్రధానాంశంగా చదివినవారు, పూర్వ ప్రాథమిక విద్యలో శిక్షణ పొందినవారు దీనికి బాగా సరిపోతారు.

అర్హతలు, పత్రాలు

అమెరికా పథకానికి వయసు 18 నుంచి 26 ఏళ్లు, హైస్కూలు చదువు, మాట్లాడగలిగే ఇంగ్లిషు, పిల్లలను చూసుకున్న అనుభవం, నేరచరిత్ర లేదన్న ధ్రువపత్రం, వైద్య పరీక్ష తప్పనిసరి. రెండేళ్లలోపు బిడ్డ ఉన్న ఇంటికి వెళ్లాలంటే పసిపిల్లలతో 200 గంటల అనుభవానికి రుజువు చూపాలి. ఒకే సంతానం విధానం కాలంలో పుట్టిన నగరాల అమ్మాయిల్లో చాలామందికి తమ్ముడో చెల్లెలో లేరు. ఇంట్లో పసిబిడ్డను ఎత్తుకున్న అనుభవం లేనివాళ్లు కిండర్‌గార్టెన్లలో పనిచేసి ఆ గంటలు కూడబెట్టుకోవాలి.

కారు నడపడం మరో చిక్కు. చాలా అమెరికా ఇళ్లలో పిల్లలను బడికి, ఈతకు, సంగీతానికి కారులోనే తీసుకెళ్లాలి. చైనా ప్రధాన భూభాగం 1949, 1968 రోడ్డు రవాణా ఒప్పందాల పరిధిలో లేదు కాబట్టి అక్కడ అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇవ్వరు. చైనా లైసెన్సుకు అనువాదం చేయించుకుని వెళ్లినా, ఆయా అమెరికా రాష్ట్రాల నిబంధనలను బట్టి మళ్లీ పరీక్ష రాయాల్సి రావచ్చు.

ఏజెన్సీ వద్ద నమోదయ్యాక అభ్యర్థి తనను పరిచయం చేసుకుంటూ ఉత్తరం రాయాలి, వీడియో పంపాలి. నచ్చిన కుటుంబం వీడియో కాల్‌లో మాట్లాడుతుంది. వేసవిలో న్యూయార్క్‌లో రాత్రి 8 గంటలైతే బీజింగ్‌లో మర్నాడు ఉదయం 8. పిల్లలు నిద్రపోయాక తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలకు ఈ అమ్మాయి పొద్దున్నే సిద్ధంగా కూర్చోవాలి. అది ఆమె ఎదురు ప్రశ్నలు వేయాల్సిన సమయం కూడా. గది విడిగా ఉంటుందా, వారంలో ఏ రోజు సెలవు, వంట ఎవరికి చేయాలి, ముందున్న ఓపేర్‌తో మాట్లాడవచ్చా అన్నవి అప్పుడే తేల్చుకోవాలి. కుటుంబం ఖరారయ్యాక ఏజెన్సీ ఇచ్చే జె-1 అర్హత పత్రం (డీఎస్-2019)తో అమెరికా దౌత్య కార్యాలయంలో ఇంటర్వ్యూకు వెళ్లాలి. గడువు ముగియగానే స్వదేశానికి తిరిగొస్తానని అక్కడి అధికారిని నమ్మించగలగాలి.

పని, జీతం

అమెరికాలో ఓపేర్ పని వారానికి 45 గంటలు, రోజుకు 10 గంటలు మించకూడదు. వారానికి ఒకటిన్నర రోజు, నెలకు ఒక పూర్తి వారాంతం సెలవు ఇవ్వాలి. ఏడాదికి రెండు వారాలు జీతంతో కూడిన సెలవు, విడిగా గది, కాలేజీ కోర్సుకు 500 డాలర్ల వరకు సాయం కుటుంబమే భరించాలి. పిల్లల బట్టలు ఉతకడం, వారికి అన్నం వండిపెట్టడం, వారి గది సర్దడం పనిలో భాగమే. ఇల్లంతా ఊడ్చి తుడవడం, పెద్దవాళ్లకు వంట చేయడం ఆమె పని కాదు.

చేతిఖర్చు లెక్క గంటకు 7.25 డాలర్ల సమాఖ్య కనీస వేతనం నుంచి వచ్చింది. 45 గంటలకు 326.25 డాలర్లు. అందులో గది, భోజనం కింద 40 శాతం తీసేస్తే మిగిలేది వారానికి 195.75 డాలర్లు. అంటే చేతికందేది గంటకు 4.35 డాలర్లు. 2009 నుంచి ఇదే కనీస మొత్తం కొనసాగుతూ వచ్చింది.

జర్మనీలో వారానికి 30 గంటలు, రోజుకు 6 గంటలు పరిమితి. 27 ఏళ్లు నిండకముందే దరఖాస్తు చేసుకోవాలి, ప్రారంభ (ఏ1) స్థాయి జర్మన్ వచ్చి ఉండాలి. 2020ల తొలి ఏళ్లలో చేతిఖర్చు నెలకు 280 యూరోలు, భాషా తరగతులకు 70 యూరోలు. నెదర్లాండ్స్‌లోనూ 30 గంటలే, ప్రభుత్వ గుర్తింపు పొందిన ఏజెన్సీ ద్వారానే వెళ్లాలి. బ్రిటన్ 2008లో ఓపేర్ వీసాను ఎత్తేసింది. నార్వే 2024 మార్చిలో యూరప్ వెలుపలి వారికి ఈ దారి మూసేసింది.

ఆస్ట్రేలియాలో ప్రత్యేక ఓపేర్ వీసా లేదు. 2015 సెప్టెంబరు నుంచి చైనా యువతకు ఏడాదికి 5,000 వరకు ఇస్తున్న వర్క్ అండ్ హాలిడే వీసాతో ఇళ్లలో చేరవచ్చు. సాధారణంగా ఒకే యజమాని వద్ద ఆరు నెలలకు మించి పనిచేయకూడదు.

భాష దగ్గర వచ్చే పేచీ

కుటుంబానికి కావాల్సింది ఆమె మాండరిన్, ఆమెకు కావాల్సింది వాళ్ల ఇంగ్లిషు. పిల్లలతో రోజంతా మాండరిన్‌లోనే మాట్లాడమని అడిగే ఇంట్లో ఏడాది గడిచినా ఆమె ఇంగ్లిషు అంతంత మాత్రంగానే మిగలవచ్చు. అందుకే కాలేజీ తరగతులకు సమయం, రాత్రి భోజనం వద్ద పెద్దలతో ఇంగ్లిషు సంభాషణ వంటివి ముందే మాట్లాడుకోవాలి. జర్మనీ దీనికి చట్టంలోనే జవాబు పెట్టింది. ఆతిథ్య కుటుంబంలో జర్మన్ మాట్లాడాలి. అది వాళ్ల మాతృభాష కాకపోతే, తల్లిదండ్రుల స్వదేశం నుంచే ఓపేర్‌ను తెచ్చుకోవడం కుదరదు. కాబట్టి చైనా నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబం చైనా అమ్మాయిని ఓపేర్‌గా పిలిపించుకోలేదు.

వివాదాలు

పనిచేసే చోటే నివాసం కావడం ఈ ఏర్పాటులోని పెద్ద బలహీనత. గంటలు ఎక్కడ ముగిశాయో చెప్పే గడియారం ఉండదు. అడిగితే ఆ ఇల్లు విడిచి వెళ్లాల్సి వస్తుందన్న భయం ఉంటుంది. పొసగని ఇంటి నుంచి వేరే ఇంటికి మారే అవకాశం అమెరికాలో ఉన్నా, సాధారణంగా రెండు వారాల్లో కొత్త కుటుంబం దొరకకపోతే తిరుగు ప్రయాణమే.

అందరికీ ఒకే కనీస మొత్తం చెల్లించేలా ఏజెన్సీలు కుమ్మక్కయ్యాయని ఆరోపిస్తూ 2014లో డెన్వర్ కోర్టులో కొందరు ఓపేర్లు దావా వేశారు. 2019 జనవరిలో 15 ఏజెన్సీలు 6.55 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి. దాదాపు లక్ష మంది దీని పరిధిలోకి వచ్చారు. అదే ఏడాది డిసెంబరులో, మసాచుసెట్స్ రాష్ట్ర కనీస వేతన చట్టం ఓపేర్లకూ వర్తిస్తుందని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తీర్పు చెప్పింది. కరోనా కాలంలో 2020 జూన్ నుంచి 2021 మార్చి వరకు అమెరికా కొత్త ఓపేర్ల రాకనే నిలిపేసింది.

ఇంటర్నెట్‌లో నేరుగా కుటుంబాన్ని వెతుక్కునేవారికి మోసాల బెడద ఉంది. పెద్ద జీతం ఆశచూపి, వీసాకో టికెట్టుకో ముందుగా డబ్బు పంపమనే 'కుటుంబం' నిజమైనది కాదు. వీడియోలో కనిపించని కుటుంబాన్ని, రాతలో పెట్టని హామీని నమ్మకూడదు.

తెలుగువారికి సంబంధించి

అమెరికాలో ఓపేర్‌ను తెచ్చుకోవాలంటే తల్లిదండ్రులు ఆ దేశ పౌరులో గ్రీన్‌కార్డుదారులో అయి ఉండాలి. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్న తెలుగు కుటుంబాలకు ఆ వీలు లేదు. వారిలో చాలామంది ఊరి నుంచి అమ్మమ్మనో నానమ్మనో సందర్శక వీసాపై రప్పించుకుంటారు. జర్మనీ ఓపేర్ వీసా భారతీయులకూ అందుబాటులో ఉంది. దానికి అవసరమైన జర్మన్‌ను హైదరాబాద్‌లోని గోథే సెంట్రుమ్‌లో నేర్చుకోవచ్చు. చైనా అమ్మాయి అయినా తెలుగు అమ్మాయి అయినా పనిగంటలు, సెలవులు, డబ్బు, తరగతుల సమయం వివరంగా రాసిన ఒప్పందం చేతికి రాకుండా విమానం ఎక్కకూడదు.