సంగటి సీమలో బరువు లెక్క

బెంగళూరు తూర్పు అంచున ఉన్న మహదేవపుర నేడు శాసనసభ నియోజకవర్గానికి పేరు. 2007లో బృహత్ బెంగళూరు మహానగర పాలికె ఏర్పడినప్పుడు నగరంలో కలిసిన ఏడు పురసభలలో ఒకటి. అంతకు ముందటి తరాలకు చెరువు, దాని కింద కాస్త తరి, చుట్టూ మెట్ట చేలు ఉన్న ఊరు. ఇక్కడి నుంచి హొసకోటె, కోలారు దాకా పల్లెలలో కన్నడంతో పాటు తెలుగు కూడా తరతరాలుగా ఇంటి భాషగా ఉంది కనుక, ఈ నేల మీద తిండి మారిన తీరు, దానితో ఒంటి బరువు మారిన తీరు తెలుగువారి చరిత్రలో భాగమే అవుతుంది. జీర్ణాశయ క్యాన్సర్‌కు, అధిక బరువుకు ఉన్న సంబంధాన్ని వైద్యశాస్త్రం ఆలస్యంగా గుర్తించింది. ఆ సంబంధం ఎంతవరకు నిజమో, ఎక్కడ ఆగిపోతుందో తెలియాలంటే ఇలాంటి ఒక ఊరి గతాన్ని దగ్గరగా చూడటం మేలు.

1800లో మైసూరు సీమ పర్యటనకు బయలుదేరిన ఫ్రాన్సిస్ బుకానన్ ఈ మెట్ట భూములలో రాగి పంటకున్న ప్రాధాన్యాన్ని, సామాన్యులకు అదే ముఖ్యాహారమన్న సంగతిని వివరంగా నమోదు చేశాడు. కన్నడిగులు ముద్దె అనే దానినే తెలుగువారు సంగటి అంటారు. ఎసరు మరిగాక పిండిని గుట్టగా పోసి, నడుమ తెడ్డు గుచ్చి సన్నసెగ మీద ఉడకనిచ్చి, ఆపై గిన్నెను కదలకుండా అదిమిపట్టి ఉండకట్టకుండా కెలికి, తడిచేత్తో గుండ్రంగా చేసి, పప్పూ ఆకుకూరా ఉడికిన కట్టుతో కాచిన బస్సారులో ముంచుకొని నమలకుండా మింగడం దాని పద్ధతి. పొద్దున తిన్న ముద్ద దుక్కి దున్నేవాడిని మధ్యాహ్నం దాకా నిలబెట్టేది, ఆ దున్నకం ఆ ముద్దను కరిగించేది. ఇది ఆరోగ్య స్వర్ణయుగమని చెప్పబోవడం పొరపాటు. కరువులూ, అంటువ్యాధులూ, ఉప్పూ కారమే ఆదరువుగా గడిచిన పూటలూ అందులోనివే. అందువల్లనే తెలుగులో ‘ఒళ్ళు చేశాడు’ అన్న మాట మెచ్చుకోలుగా పుట్టింది, ‘చిక్కిపోయావు’ అన్నది జాలిగా మిగిలింది. బరువు పెరగడం ఆపదకు గుర్తని ఆ భాష ఊహించలేదు.

మార్పు మెల్లగా మొదలై చివరికి ముంచెత్తింది. 1864లో మద్రాసు నుంచి బెంగళూరు దాకా రైలు వచ్చింది. 1882లో యూరేషియన్, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల వ్యవసాయ స్థావరంగా వైట్‌ఫీల్డ్ వెలసింది. 1948లో దూరవాణి నగర్‌లో ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ మొదలైంది. కర్మాగారపు పని కూడా ఒళ్ళు వంచే పనే కనుక అప్పటికింకా పెద్ద తేడా రాలేదు. 1990ల చివర ఐటీపీఎల్ అనే సాఫ్ట్‌వేర్ పార్కు తెరుచుకున్నాక చెమట పట్టని ఉద్యోగం ఈ ప్రాంతపు ప్రధాన వృత్తి అయింది, ఆంధ్ర, తెలంగాణ జిల్లాల నుంచి మరో తెలుగు తరం వచ్చి చేరింది. అది తెచ్చుకున్న నాలుక రాగిది కాదు, వరి అన్నానిది. ఆ నాలుక తయారీలో ఆంధ్రప్రదేశ్‌లో 1983 నాటి కిలో రెండు రూపాయల బియ్యం పథకానికీ వాటా ఉంది. ఇటు కర్ణాటకలో 2013 నాటి అన్నభాగ్య పథకం పేదింటి పొయ్యి మీదికి బియ్యాన్ని మరింత చేరువ చేసింది. ఆకలిని తీర్చిన పథకాలను బొజ్జకు బాధ్యులను చేయడం న్యాయం కాదు. కాయకష్టం పోయి, నూనె, చక్కెర పెరిగి, కూర్చునే గంటలు పొడుగైన కాలంలో అన్నం పళ్ళెం మాత్రం పాత కొలతలోనే ఉండిపోవడం అసలు చిక్కు. దేశం మొత్తం మీద అధిక బరువు లేదా ఊబకాయం ఉన్న స్త్రీలు 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 12.6 శాతం, 2019–21లో 24 శాతం.

ఆ బరువును కొలిచే సాధనానికీ ఒక చరిత్ర ఉంది. ఒకప్పుడు రైల్వే స్టేషన్లలో రంగు దీపాల యంత్రమెక్కి నాణెం వేస్తే, ఒకవైపు బరువూ మరోవైపు జాతకమూ అచ్చయిన అట్టముక్క టక్కున పడేది. చాలామంది ముందు చదువుకున్నది జాతకాన్నే. కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగించే సూత్రం బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ కెట్లే 1830లలో చూపినది. 1972లో ఆన్సెల్ కీస్ దానికి బాడీ మాస్ ఇండెక్స్, అంటే బీఎంఐ, అని పేరు పెట్టాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25ను అధిక బరువుకు, 30ని ఊబకాయానికి హద్దుగా పెట్టగా, భారత వైద్యులు 2009లో వాటిని 23కూ 25కూ దించారు. పుణె వైద్యుడు యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు యడ్కిన్ 2004లో తమ సొంత ఒళ్ళనే పోల్చి చూపిన ఉదాహరణ దీనికి కారణం చెబుతుంది: ఇద్దరి బీఎంఐ 22.3 దగ్గరే ఉన్నా ఒంటి కొవ్వు ఒకరిలో 21 శాతం, మరొకరిలో 9 శాతం. ఎక్కువ ఉన్నది భారతీయుడికే.

ఇక జబ్బు సంగతి. కడుపు క్యాన్సర్ అని లోకం ఒక్క పేరుతో పిలిచేది నిజానికి రెండు వేర్వేరు కథలు. జీర్ణాశయపు దిగువ, మధ్య భాగాలలో వచ్చేది పాతది, అధికమైనది. దానికి ముఖ్య కారణం హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా. దాన్ని 1982లో వెలికితీసిన వారెన్, మార్షల్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. ఉప్పులో నిలవచేసిన పదార్థాలు, పొగాకు ఈ రకానికి తోడ్పడతాయి. అన్నవాహిక వచ్చి కలిసే పైమూతి దగ్గర, కార్డియా అనే చోట వచ్చేది రెండో రకం. ఫ్రిజ్‌లు, తాజా కూరగాయలు, శుభ్రమైన నీళ్ళు పెరిగిన దేశాలలో మొదటి రకం ఎవరూ ప్రత్యేకంగా పోరాడకుండానే తగ్గుతూ వచ్చింది; రెండోది అలా తగ్గలేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో అధిక బరువుతో ముడిపెట్టిన క్యాన్సర్లలో జీర్ణాశయం లేదు. 2016లో జాబితా 13కు పెరిగినప్పుడు కార్డియా అందులో చేరింది. ఊబకాయుల్లో దాని ముప్పు మామూలు బరువువారితో పోలిస్తే సుమారు 1.8 రెట్లని ఆ సంస్థ సమీక్ష అంచనా. పొట్టలోని కొవ్వు జీర్ణాశయాన్ని కింద నుంచి నొక్కడంతో ఆమ్లం పైకి ఎగదన్ని మూతి దగ్గరి పొరను పదేపదే కాలుస్తుంది. కొవ్వు కణజాలం వెలువరించే రసాయనాలు, పెరిగిన ఇన్సులిన్ కణాల విభజనను ఎగదోస్తాయి.

రెట్లు వేరు, సంఖ్య వేరు. అరుదైనదానికి రెండింతలైనా అది అరుదుగానే ఉంటుంది, పైగా దిగువ భాగపు క్యాన్సర్‌తో బరువుకు అంత గట్టి సంబంధం తేలలేదు. కాబట్టి బొజ్జ ఉన్న ప్రతివాడినీ కడుపు క్యాన్సర్ పేరుతో భయపెట్టడం శాస్త్రం కాదు. బరువు తెచ్చే ముప్పులలో మధుమేహం, గుండెజబ్బు దీనికంటే ఎంతో ముందు నిలుస్తాయి.

బెంగళూరులో ఈ జబ్బును లెక్కపెట్టే పుస్తకం పాతదే. 1973లో ఏర్పడిన కిద్వాయ్ స్మారక క్యాన్సర్ సంస్థలో, బొంబాయి, మద్రాసులతో పాటే, 1982 నుంచి జనాభా ఆధారిత క్యాన్సర్ రిజిస్ట్రీ నడుస్తోంది; సిబ్బంది ఆసుపత్రులకూ ప్రయోగశాలలకూ తిరిగి, మరణ నమోదులు చూసి, ప్రతి రోగి వయసు, నివాసం, కణితి ఉన్న చోటు రాసుకుంటారు. అలా రాసుకునే రోజున రోగిని తూకం ఎక్కించినా లాభం తక్కువ, ఎందుకంటే జీర్ణాశయ క్యాన్సర్ చాలాసార్లు బయటపడే సరికే ఆకలి చంపి, మనిషిని కరిగించేసి ఉంటుంది. ఎముకల గూడులా వచ్చిన మనిషి పదేళ్ళ కిందట తొంభై కిలోలు ఉన్నాడా అన్నది ఆ కొలత చెప్పదు. అది చెప్పగలిగేది ఉద్యోగులకు ఏటేటా జరిగే ఆరోగ్య పరీక్షల కాగితం. మహదేవపుర కార్యాలయాలలో పనిచేసేవారి పాత బరువులు అలాంటి కాగితాలలో ఉంటాయి, వారి కణితులు ఎప్పుడైనా బయటపడితే రిజిస్ట్రీ పుస్తకంలో ఉంటాయి.