ఐదో నంబరు హైవే: మాయమైన మజిలీలు

మద్రాసు నుంచి కలకత్తాకి దారి చెప్పమని ఇవాళ్టి కుర్ర డ్రైవర్ని అడిగితే ఫోన్ చూపిస్తాడు. ఇంకాస్త వివరంగా అడిగితే టోల్‌గేట్ల పేర్లు వరసగా చెప్పుకొస్తాడు. సూళ్ళూరుపేట, వెంకటాచలం, టంగుటూరు, కాజ, పొట్టిపాడు, కలపర్రు, కృష్ణవరం, వేంపాడు. అదే, స్టీరింగ్ వదిలేసి పదేళ్ళయిన పెద్దాయన్ని అడిగితే చెప్పే దారి వేరు. ఫలానా ఊరు దాటాక చింతచెట్ల కింద పాక హోటలు, వంతెన దిగాక సర్దార్జీ దాబా, అక్కణ్ణించి రెండు గంటలు తోలితే తెల్లారేసరికి వేడి ఇడ్లీ దొరికే చోటు. ఆయన దారిని తిండితో, నీళ్ళతో, నిద్రతో కొలిచాడు. ఆ కొలతరాళ్ళలో ఇప్పుడు చాలావరకు లేవు.

2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చినప్పుడు ఎన్‌హెచ్ 5 కాస్తా ఎన్‌హెచ్ 16 అయింది. పాతవాళ్ళ నోట మాత్రం అది ఇంకా ఐదో నంబరు రోడ్డే. తడ దగ్గర ఆంధ్రలో అడుగుపెట్టి, నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, బెజవాడ, ఏలూరు, రాజమండ్రి, విశాఖ, శ్రీకాకుళం మీదుగా ఇచ్ఛాపురం దగ్గర రాష్ట్రం దాటే రోడ్డు. గుంటూరు మిర్చి, ఒంగోలు పొగాకు, గోదావరి జిల్లాల బియ్యం, ఐసు పెట్టెల్లో కొల్లేటి చేప, అన్నీ ఈ దారినే పోయాయి. సరుకు లెక్క ఎక్కడో ఒకచోట రాసి ఉంటుంది. దాన్ని మోసుకుపోయినవాళ్ళు ఎక్కడ తిన్నారో, ఎక్కడ పడుకున్నారో రాసిపెట్టే పని ఎవరికీ పడలేదు.

నిజానికి తెలుగులో ఈ రాసే పని పాతదే. 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగొచ్చిన ఏనుగుల వీరాస్వామి, కాశీయాత్ర చరిత్రలో ప్రతి మజిలీ గురించీ రాసుకుంటూ పోయాడు. బసకి చోటుందా, మంచినీళ్ళున్నాయా, అంగళ్ళలో ఏం దొరుకుతుంది, ముందున్న దారి ఎలాంటిది. తిరుగు ప్రయాణంలో ఆయన దిగొచ్చింది ఇంచుమించు ఈ కోస్తా దారినే. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథల్లోనైతే ప్రతి మజిలీకీ ఒక కథ బాకీ. అంతకుముందెప్పుడో క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇల్లు ఒక రూకకి ఏమేం వడ్డించేదో ఉంది. బాటసారి ఆగే చోటు మన సాహిత్యానికి కొత్త కాదు. లారీ హోటలు దాకా వచ్చేసరికే కలం ఆగిపోయింది.

ఆ హోటలు ఏం చేసేదో చూడాలంటే ముందు ఒక చట్టం సంగతి చెప్పుకోవాలి. 1961లో పార్లమెంటు మోటారు రవాణా కార్మికుల చట్టం చేసింది. రోజుకి ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటల పని. ఏకబిగిన ఐదు గంటలకి మించి పని ఉండకూడదనీ, మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలనీ అందులో ఉండేది. దూరప్రయాణాలకి కొన్ని సడలింపులున్నా, రాత్రిపూట ఆగాల్సొచ్చే చోట యజమాని విశ్రాంతి గది ఏర్పాటు చెయ్యాల్సి ఉండేది. వింటుంటే బావుంది కదా. కానీ ఆ చట్టం మామూలుగా వర్తించింది ఐదుగురు, అంతకుమించి కార్మికులున్న సంస్థలకి. మన లారీ వ్యాపారంలో ఎక్కువమంది ఒకటో రెండో బళ్ళున్నవాళ్ళు. ఒక లారీ, ఒక డ్రైవరు, ఒక క్లీనరు. చాలాచోట్ల ఓనరే డ్రైవరు. అంటే చట్టం పెట్టిన గీతకి ఇవతలే ఆగిపోయిన మనుషులు.

వాళ్ళకి ఆ గది ఎవరు కట్టారు? తాటాకు పాక వేసుకుని, నాలుగు నులక మంచాలు బయట పరిచి, సిమెంటు తొట్టి నిండా నీళ్ళు పట్టి ఉంచిన హోటలాయన కట్టాడు. ఏ చట్టమూ చదవకుండానే.

పాత డ్రైవర్ల జ్ఞాపకాల్లో మొదట వచ్చేది తిండి కాదు, ఆ నీళ్ళ తొట్టి. ఇంజను వేడి పక్కనే పగలంతా కూర్చున్న మనిషికి నాలుగు చెంబుల నీళ్ళు నెత్తిన పోసుకోవడమంటే ఏమిటో ఏసీ కారులో పోయేవాళ్ళకి చెప్తే అర్థం కాదు. లుంగీ ఉతికి తాడు మీద ఆరేసి, అది ఆరేలోపు కునుకు తీసి లేచేవాళ్ళు. మంచానికి అద్దె లేదు. భోజనం చేస్తే మంచం మనదే. లారీ కళ్ళెదురుగా నిలబడి ఉంటుంది, రాత్రంతా పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. పట్టా కోసి సరుకు లాగేవాళ్ళూ, డీజిల్ తోడేవాళ్ళూ ఆ వెలుగులోకి రారు.

రెండోది ఖాతా. పోయేటప్పుడు తిని, తిరుగు లోడు కిరాయి చేతికొచ్చాక ఇచ్చేవాళ్ళు. గళ్ళ నోటు పుస్తకంలో మనిషి పేరు ఉండేది కాదు, బండి నంబరు ఉండేది. బండి చేతులు మారితే బాకీ ఎవరిదన్న తగాదాలూ ఉండేవి.

మూడోది కబురు. సెల్‌ఫోన్లు లేని రోజుల్లో ఓనరు హోటలుకే ఫోన్ చేసి మా బండి వస్తే ఫలానా ఊళ్ళో లోడుందని చెప్పమనేవాడు. ఇంట్లో పురుడొచ్చిందన్న కబురూ, ఎవరో పోయారన్న కబురూ అక్కడికే వచ్చేవి. ముందు ఎక్కడ రోడ్డు కోసుకుపోయింది, ఎక్కడ ఆర్టీవో కాపు కాశాడు, ఏ మెకానిక్కు ఈ వేళప్పుడు లేస్తాడు, ఇవన్నీ టీతోపాటే అందేవి. డ్రైవరుకి జ్వరమొస్తే బండిని ఇంకో మనిషికిచ్చి పంపిన హోటళ్ళున్నాయి. ఒక్కమాటలో చెప్పాలంటే పోస్టాఫీసూ, బ్యాంకూ, ధర్మసత్రమూ ఒకే పాక కింద నడిచాయి.

భాష కూడా అక్కడే కలిసింది. పంజాబీ డ్రైవరు కోసం రోటీ, తడ్కా నేర్చుకున్న తెలుగు వంటవాడూ, తెలుగు డ్రైవరు కోసం అన్నంలోకి పప్పూ పచ్చడీ పెట్టడం నేర్చుకున్న సర్దార్జీ కూడా ఈ రోడ్డు మీదే కనపడతారు. తమాషా ఏమిటంటే మనకి డాబా అంటే పైకప్పు పోసిన పక్కా ఇల్లు. లారీవాళ్ళ దాబాకి చాలాసార్లు కప్పే సరిగ్గా ఉండేది కాదు.

ఇంతటివి ఎలా పోయాయి? ఎవరో కక్షగట్టి కూల్చలేదు. రోడ్డు గీత మారింది, అంతే.

1999లో శంకుస్థాపన జరిగిన స్వర్ణ చతుర్భుజి పథకం ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలని కలుపుతూ 5,846 కిలోమీటర్ల దారిని నాలుగు వరసలు, ఆపైన చేసింది. అందులో తూర్పు కోస్తా భుజం మన ఐదో నంబరే. రెండు వరసల రోడ్డు మీద హోటలుకి రెండువైపుల బళ్ళూ గిరాకీయే. మధ్యలో డివైడరు లేచాక ఎదురువైపు బండి హోటలుని చూస్తుంది కానీ రాలేదు. ఎక్కడో ముందుకెళ్ళి యూటర్న్ తీసుకుని వెనక్కి రావాలి, మళ్ళీ తిరిగి పోవాలి. టీ కోసం అంత డీజిల్ ఎవరు కాలుస్తారు? సగం గిరాకీ ఒక్క కాంక్రీటు గోడతో పోయింది. ఊరూరికీ బైపాస్ వచ్చాక మిగిలిన సగమూ ఊరి బయటినించే పోయింది. నెల్లూరులో ట్రంకు రోడ్డు అన్న పేరైతే మిగిలింది, ట్రంకు రోడ్డు మీద పోయే లారీ మిగల్లేదు.

ఈ కథ ఒక్కసారితో అయిపోలేదు కూడా. చతుర్భుజి వచ్చినప్పుడు తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం దారిలో నిలదొక్కుకున్న హోటళ్ళకి రెండో దెబ్బ తర్వాత తగిలింది. గుండుగొలను నుంచి దేవరపల్లి మీదుగా కొవ్వూరు వైపు కొత్త దారి తెరిచాక లారీలు అటు మళ్ళాయి. పాత దారి 216ఏ అయింది.

నష్టపరిహారం సంగతి చూస్తే అసలు విషయం తెలుస్తుంది. జాతీయ రహదారుల చట్టం కింద భూమి తీసుకుంటే పట్టా ఉన్నవాడికి డబ్బొస్తుంది. పాక హోటళ్ళు చాలావరకు నిలబడింది రోడ్డు మార్జిన్లో, పోరంబోకులో, లేదా నోటిమాట అద్దెకి. 2002 నాటి జాతీయ రహదారుల నియంత్రణ చట్టం దృష్టిలో రహదారి భూమిలో అనుమతి లేకుండా ఉన్నది ఆక్రమణ. ఇరవై ఏళ్ళ ఖాతా పుస్తకం అక్కడ సాక్ష్యం కాదు. కొట్టేసిన చింతచెట్లకైనా లెక్క రాశారు, వాటి నీడలో పరిచిన మంచాలకి రాయలేదు.

తర్వాతి దెబ్బలు చిన్నవే, కానీ వరసగా తగిలాయి. 2017 ఏప్రిల్ నుంచి హైవేకి ఐదువందల మీటర్లలోపు మద్యం అమ్మకూడదన్న సుప్రీంకోర్టు తీర్పు అమల్లోకొచ్చింది. అదే జూలైలో జీఎస్టీ వచ్చి అమ్మకం పన్ను చెక్‌పోస్టులు ఎత్తేశారు. తడ దగ్గర బీవీ పాలెంలో, ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురంలో గంటలకొద్దీ నిలబడే లారీల వరసే చుట్టుపక్కల హోటళ్ళకి బతుకు. 2021లో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక టోల్‌గేటు దగ్గర కూడా ఆగేది లేదు. ఇవేవీ డ్రైవరుకి చెడు చెయ్యలేదు. చెక్‌పోస్టు పోయిందని ఏడ్చిన డ్రైవరు ఉండడు. ఆగడం తగ్గింది, ఆగే చోటూ తగ్గింది. నిద్ర అవసరం మాత్రం తగ్గలేదు.

ఆ పాకల్ని స్వర్గాలు చెయ్యనక్కర్లేదు. ఆ జ్ఞాపకాల అంచున ఎప్పుడూ ఒక పిల్లాడుంటాడు. గ్లాసులు కడిగేవాడు, అర్ధరాత్రి టైరు శబ్దానికి ఉలిక్కిపడి లేచేవాడు. హోటళ్ళలో, దాబాల్లో పద్నాలుగేళ్ళలోపు పిల్లలతో పని చేయించకూడదన్న నిషేధం 2006 అక్టోబరులో గానీ రాలేదు. తాగి బండెక్కినవాళ్ళకి పోసిందీ అక్కడే. 2003లో మొదలైన అవాహన్ లాంటి ఎయిడ్స్ నివారణ కార్యక్రమాలు ఆంధ్రతో సహా ఆరు రాష్ట్రాల్లో పనిచేస్తూ హైవేల వెంట లారీ డ్రైవర్ల ఆగుడు చోట్లకి వెతుక్కుంటూ వెళ్ళాయంటే ఊరికే కాదు. ఆ చీకట్లో బతికిన ఆడవాళ్ళ జ్ఞాపకాలు ఎవరూ అడగలేదు. డ్రైవర్లు చెప్పే కథల్లో వాళ్ళు నవ్వుగానో, మౌనంగానో దాటిపోతారు. ఈ చరిత్ర ఎప్పుడన్నా నిండుగా రాస్తే ఆ పిల్లాడూ, ఆ ఆడమనిషీ మాట్లాడాలి.

కానీ చెడు పోవడానికి మంచం కూడా పోవాలా?

ఇప్పుడు హైవే పక్కన అద్దాల ఫుడ్ ప్లాజాలున్నాయి. కారు ఆగితే తలుపు తీసి సలాం కొట్టే మనిషి ఉంటాడు. లారీ ఆపితే ముందుకి తీసెయ్యమంటాడు. అక్కడి కాఫీ ధరకి డ్రైవరు బత్తాలో ఒక పూట పోతుంది. అందుకే కేబిన్లోనే గ్యాస్ పొయ్యి పెట్టుకుని, రోడ్డు వార బండి ఆపి, టైరు నీడలో అన్నం వండుకుంటారు. పడుకునేది సీటు వెనక పలక మీద, ఒక చెవి డీజిల్ ట్యాంకు వైపు పెట్టి. తెల్లవారుజామున రోడ్డు వార ఆగిన లారీని వెనకనించి గుద్దిన కారు అని వార్త చదివినప్పుడు మనం కారులోవాళ్ళ గురించి బాధపడతాం. ఆ లారీ అక్కడ ఎందుకు ఆగిందని మాత్రం అడగం.

ఈమధ్య కదలిక కొంచెం ఉంది. ప్రభుత్వ రంగ ఆయిల్ కంపెనీలు కొన్ని బంకుల దగ్గర అప్నా ఘర్ పేరుతో డ్రైవర్లకి మంచాలు, స్నానాల గదులు, వండుకునే చోటు పెడుతున్నాయి. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే మధ్యరకం, పెద్ద లారీల కేబిన్లకి ఏసీ తప్పనిసరి. మంచిదే. 1961లో కాయితం మీద పెట్టిన గదికి ఇన్నాళ్ళకి గోడలు లేస్తున్నాయన్నమాట. ఆ గదిలో ఏమేం ఉండాలో తెలియాలంటే సర్వేలు అక్కర్లేదు. ఐదో నంబరు మీద ముప్పై ఏళ్ళు తోలినవాళ్ళు ఇంకా ఉన్నారు, అడిగితే చెప్తారు. నీళ్ళ తొట్టి, బండి కనపడేలా మంచం, రాత్రంతా వెలిగే దీపం, డబ్బులు రేపిస్తానంటే సరేననే మనిషి. మొదటి మూడూ టెండరు పిలిస్తే దొరుకుతాయి.