కార్తీకమూ, బందరు ఉప్పెనా

శీతకాలపు తుపాను అనగానే అమెరికాలో, కెనడాలో ఉన్న మన మిత్రులకు మంచు గుర్తుకు వస్తుంది. రోడ్ల మీద ఉప్పు చల్లడం, బడులకు సెలవులివ్వడం, ఇంట్లో రొట్టె, పాలు నిలవ చేసుకోవడం అక్కడి జాగ్రత్తలు. మా కృష్ణా డెల్టా దిగువన మంచు అంటే తెల్లవారుజామున వరిచేల మీద పడేదే. దానివల్ల ఎవరికీ ప్రాణభయం లేదు. చలికాలపు గుమ్మంలో మాకు ఎదురయ్యే గండం వేరు. అక్టోబరు, నవంబరు నెలల్లో, అంటే ఆశ్వయుజ కార్తీకాల్లో, బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండం అది.

తెలుగులో దీనికి రెండు మాటలున్నాయి. 'తుపాను' అరబ్బీ, పారసీల మీదుగా వచ్చింది. 'ఉప్పెన' మన మాట. పలికితేనే ఉప్పు వినిపిస్తుంది. తుపాను అంటే గాలి, వాన. ఉప్పెన అంటే సముద్రం లేచి ఊరి మీదికి రావడం. గాలికి ఇల్లు కూలుతుంది, కప్పు ఎగిరిపోతుంది. ఊరికి ఊరు తుడిచిపెట్టుకుపోయేది మాత్రం ఉప్పెనలోనే. ఈ తేడా తెలియకపోవడం వల్ల పోయిన ప్రాణాలు తక్కువేమీ కావు.

మచిలీపట్నం ఒకప్పుడు కోరమాండల్ తీరానికి పెద్ద రేవు. డచ్చివారు పదిహేడో శతాబ్ది ఆరంభంలోనూ, ఆ వెనకే 1611లో ఇంగ్లీషువారూ ఇక్కడ వర్తకస్థానాలు పెట్టారు. కలంకారీ బట్టలు ఈ రేవు నుంచే ఓడలెక్కాయి. అయితే ఇక్కడి సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు తీరానికి మైళ్ళ దూరాన లంగరు వేసుకుంటే, సరుకును పడవల మీద చేరవేసేవారు. రేవుకు ఇబ్బంది అయిన ఆ నిస్సారపు నీరే ఉప్పెనకు బలం. లోతైన చోట గాలి నెట్టిన నీరు కిందికి మళ్ళి వెనక్కు పోగలదు. లోతు లేనిచోట దానికి దారి లేదు, పైకి లేచి నేల మీదికి రావలసిందే.

1864 నవంబరు 1 రాత్రి జరిగింది అదే. దీపావళి అమావాస్య వెళ్ళి రెండు రోజులైంది. అమావాస్య పోటు ఇంకా తగ్గలేదు. ఆ పోటు మీద ఉప్పెన వచ్చింది. మామూలు పోటు మట్టానికి పదమూడు అడుగుల పైన నీరు లేచిందనీ, 780 చదరపు మైళ్ళ నేల మునిగిందనీ, ముప్ఫైవేల మంది దాకా చనిపోయారనీ ఇంగ్లీషు అధికారులు లెక్క రాశారు. బందరు కోట ఊరికి ఎడంగా, సముద్రం వైపు బురదనేలల నడుమ ఉండేది. ఉప్పెన తరువాత అక్కడి సైన్యాన్ని తీసివేశారు. అప్పటికే వర్తకం సన్నగిల్లుతున్న పట్నం మళ్ళీ పాత వైభవాన్ని చూడలేదు.

దీనికి నెలకు లోపే, అక్టోబరు 5న, కలకత్తాను మరొక తుపాను ముంచెత్తింది. 'సైక్లోన్' అన్న పేరు పెట్టింది కూడా కలకత్తాలోని పిడింగ్టనే, 1848లో. అంటే తుపాను తత్త్వం అప్పటికే కొంత తెలుసు. తెలిసినదాన్ని తీరాన ఉన్నవాడికి చేరవేసే ఏర్పాటు లేదు. 1865లో కలకత్తా రేవుకు హెచ్చరికలు మొదలయ్యాయి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. అయినా హెచ్చరిక మొదట ఓడలకోసం పుట్టింది. రేవులో ఎగరేసే ప్రమాద సూచికలు నావికుడు దూరం నుంచి చూసి తెలుసుకోవడానికి ఏర్పడినవి. ఎనిమిది, తొమ్మిది, పది మహాప్రమాదానికి గుర్తులు. పదకొండు అంటే పదికన్నా పెద్ద తుపాను అని చాలామంది అనుకుంటారు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. గుడిసెలో పడుకున్న కూలివాడికి ఆ జెండాతోగాని దీపంతోగాని ఏం పని?

1977 నవంబరు 19, శనివారం. ఈ ప్రశ్నకు జవాబు దివిసీమ చెప్పింది. వారం ముందు, 12న, వేరొక తుపాను నాగపట్నం దగ్గర తీరం దాటింది. రెండోది కూడా మొదట పడమరగా సాగి, తరువాత ఉత్తరానికి మళ్ళింది. హెచ్చరికలు వెలువడకపోలేదు. కేంద్రబిందువు తీరం దాటింది చీరాల ప్రాంతంలో, ప్రాణాలు పోయింది ఎక్కువగా దివిసీమలో. ఇందులో వింత లేదు. మన అర్ధగోళంలో తుపాను గాలి అపసవ్యంగా తిరుగుతుంది. అందువల్ల కేంద్రానికి కుడివైపు గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. దివిసీమ ఆ కుడివైపున పడింది. నీరు దాదాపు అయిదు మీటర్ల ఎత్తున వచ్చింది. ఆనాడు తిథి అష్టమీనవముల దగ్గర, అంటే పోటు బలహీనంగా ఉండే రోజు. అమావాస్య నాడే వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కూడా కష్టం.

సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్ళ పేర్లు దేశానికి తెలిసింది అప్పుడే. పోయినవారు పదివేల మంది అని ప్రభుత్వపు లెక్క. ఇంకా ఎక్కువన్నవారూ ఉన్నారు. తాటిచెట్లను కరుచుకున్నవారు కొందరు బతికారు. నీరు తీశాక మిగిలింది ఉప్పు. చెరువుల్లో ఉప్పు, బావుల్లో ఉప్పు, చేలల్లో ఉప్పు. తాగే నీటికోసం బతికినవారు పడిన అవస్థ ఉప్పెనకు రెండో అధ్యాయం.

గుడివాడ దాకా సముద్రం రాలేదు. కాని ఆ వైపు కష్టం మరో రకం. కార్తీకంలో సార్వా వరి గింజ గట్టిపడి కోతకు వస్తుంది. గాలికి చేను పడిపోతుంది, వానకు కోసిన పనలు నీట తేలుతాయి. సముద్రం పోటు మీద ఉంటే మురుగు కాలువలు లాగవు, నీరు రోజుల తరబడి చేలల్లోనే నిలిచిపోతుంది. తీరం వాడు ప్రాణం గురించి భయపడే రాత్రే మెట్టుకు ఉన్న రైతు ఏడాది గ్రాసం గురించి భయపడతాడు.

ఇక 1990 మే 9. కాలం వేసవి గాని తీరం అదే, కృష్ణ ముఖద్వారమే. గాలి 1977 నాటిదానికి తీసిపోలేదు. ఆరు లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించారు. రాష్ట్రం మొత్తం మీద పోయిన ప్రాణాలు వెయ్యికి లోపు. పదివేలు ఎక్కడ, వెయ్యి ఎక్కడ! ఆ పదమూడేళ్ళలో సముద్రం మెత్తబడలేదు. తుపాను రక్షిత భవనాలు కట్టారు, తీరం వెంట సరుగుడు తోటలు వేశారు, మన దేశపు ఉపగ్రహం నుంచి మేఘాల బొమ్మలు రావడం మొదలైంది. అన్నిటినీ మించి, వెళ్ళమన్నప్పుడు జనం కదిలారు. ఎందుకంటే 1977ను కళ్ళారా చూసినవారు ప్రతి ఇంటా ఉన్నారు.

నా భయం ఇక్కడే. 2013లో హెలెన్, 2023లో మిచౌంగ్, 2025లో మొంథా తుపానులు ఈ తీరాన్నే తాకాయి. రాడార్లు ఉన్నాయి, చేతిలో ఫోను ఉంది, గంటగంటకూ కబురు అందుతోంది. అయితే ఉప్పెన రాని తుపాను వచ్చిపోయిన ప్రతిసారీ "ఇంత హడావుడి చేశారు, ఏమైంది?" అన్న మాట వినిపిస్తుంది. ఏమీ కాకపోవడం ఆ హడావుడి ఫలితం కూడా కావచ్చునని తట్టదు. 1977లో పదేళ్ళ పిల్లవాడికి ఇప్పుడు అరవై దగ్గర పడుతోంది. ఇంట్లో "లేవండి, పోదాం" అని గట్టిగా చెప్పగలిగిన గొంతులు తగ్గిపోతున్నాయి. మడ అడవి నరికినచోట, కరకట్ట తెగినచోట, రక్షిత భవనం తాళం కనబడనిచోట వారి జ్ఞాపకం ఒక్కటే ఆసరా.

1864 గురించి నేను చదివిన వివరాలన్నీ దొరల రాతల్లోవే. ముప్ఫైవేల మంది పోయిన ఆ రాత్రి ఒక తెలుగు ఇల్లాలు ఏం చూసిందో, ఏ చెట్టు పట్టుకుందో వాటిలో లేదు. 1977కు ఆ గతి పట్టనవసరం లేదు. దివిసీమలో, బందరు చుట్టుపక్కల బంధువులున్న మిత్రులు ఈసారి ఊరు వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని అడగండి. నీరు ఏ దిక్కు నుంచి వచ్చింది, ఎంత సేపట్లో వచ్చింది, ఎవరు ముందు కదిలారు, ఎందుకు కదిలారు. విన్నది విన్నట్టు రాసిపెట్టండి.